మిద్దె మీద మిరపకు ముడత: పైకా, కిందికా?

డాబాతోట_కూకట్‌పల్లి
నమస్తే అండీ. పన్నెండు అంగుళాల గ్రో బ్యాగుల్లో 14 మిరప మొక్కలున్నాయి. నాటి 55 రోజులు, పూత మొదలైంది. వారం నుంచి ఆరు మొక్కల చిగుళ్లు ముడుచుకుపోతున్నాయి. ముదురాకులు బాగానే ఉన్నాయి, పూత మాత్రం రాలుతోంది. నాలుగు రోజుల కిందట లీటరుకు 5 మి.లీ. వేపనూనె కొట్టాం, మార్పు లేదు. దగ్గర్లోని నర్సరీలో ఫొటో చూపిస్తే "వైరస్, పీకేయండి" అన్నారు. పీకేయాలా? ఏం మందు కొట్టాలి?

లెన్స్‌బాబాయ్
మందు సంగతి తర్వాత చూద్దాం. ముడిచిన చిగురాకు ఒకటి తెంపి అరచేతిలో పెట్టుకుని చూడండి. అంచులు పైకి లేచాయా, కిందికి దిగాయా? కాడ మామూలు కంటే సాగినట్టుందా? ఈ రెండూ చెప్పకుండా ముడతకు మందు అడగడం, ఎక్కడో చెప్పకుండా నొప్పికి మాత్ర అడిగినట్టు ఉంటుంది.

పచ్చిమిర్చి74
అంత పరీక్ష ఎందుకండీ? ఇమిడాక్లోప్రిడ్ లీటరుకు అర మి.లీ. కొడితే మూడు రోజుల్లో తేలిపోతుంది.

లెన్స్‌బాబాయ్
తేలేది మొక్క అవుతుంది, పచ్చిమిర్చి గారూ :) ఇమిడా పనిచేసేది పేనుబంక, తెల్లదోమ లాంటి రసం పీల్చే పురుగుల మీద. ఈ ముడత నల్లి వల్ల అయితే? నల్లి అసలు పురుగే కాదు, ఎనిమిది కాళ్ల జీవి, సాలీడు వైపు చుట్టం. దానికి ఈ మందు తగలదు. పైగా నల్లిని తినే మంచి పురుగులు ఆ మందుకు చచ్చి, నల్లి ఇంకా పెరుగుతుంది. సైపర్‌మెత్రిన్ లాంటి పైరిత్రాయిడ్ రకం పురుగు మందులు కొట్టినా ఇదే తంతు. మిరప రైతులు ఏళ్ల తరబడి చూస్తున్న సంగతే ఇది.

ఇంకొకటి. ఇమిడా మొక్కంతా పాకే మందు. మిద్దె మీద రోజూ నాలుగు కాయలు తెంపి పప్పులో వేసుకుంటాం. మందు కొట్టాక ఆగాల్సిన రోజులు ఆగేదెవరు?

ఇక ముడత సంగతి. మిరపలో ముడత అని మనం ఒకే పేరుతో పిలిచేవి మూడు.

పై ముడత: ఆకు అంచులు పైకి లేచి దోనెలా అవుతుంది. ఆకు అడుగున ఈనెల వెంట వెండి రంగు గీతలు, తర్వాత అవి గోధుమ రంగుకు తిరుగుతాయి. ఇది తామర పురుగు పని. పొడి వాతావరణంలో ఉధృతి ఎక్కువ.

కింది ముడత: అంచులు కిందికి దిగి, ఆకు తిరగేసిన పడవలా ఉంటుంది. కాడ పొడవుగా సాగుతుంది. ఆకు సన్నబడి, ముదురు ఆకుపచ్చగా, ముట్టుకుంటే పెళుసుగా ఉంటుంది. ఇది తెల్లనల్లి, కొందరు పసుపు నల్లి అంటారు. ఉక్కపోతగా, మబ్బుగా ఉన్న రోజుల్లో విరుచుకుపడుతుంది. ఉండేది లేత చిగురులోనే, ముదురాకుల జోలికి దాదాపు పోదు. మీ ముదురాకులు బాగున్నాయంటే నాకు మొదటి అనుమానం దీని మీదే.

బొబ్బర ముడత: ఇది వైరస్, తెల్లదోమ తెచ్చేది. ఆకులు చిన్నవై, ఈనెల మధ్య పసుపు తిరిగి, ఈనెలు ఉబ్బుతాయి. కణుపులు దగ్గరపడి మొక్క గుబురుగా, గిడసబారిపోతుంది. దీనికి మందు లేదు.

కష్టమేమిటంటే, ఒకే మొక్క మీద మొదటి రెండూ కలిసి వస్తే ఆకు ఎటు ముడవాలో తెలియక మెలికలు తిరుగుతుంది. అప్పుడు కంటిని నమ్మొద్దు, కాగితం, లెన్సు తీయాలి.

డాబాతోట_కూకట్‌పల్లి
అంచులు కిందికే ఉన్నాయి బాబాయ్ గారూ. కాడ కొంచెం పొడవుగా ఉన్నట్టే ఉంది. కాగితం అంటే?

మట్టిచేతులు
తెల్ల కాగితం ఒకటి చిగురు కింద పట్టుకుని, చిగురునీ పూలనీ వేలితో నాలుగుసార్లు తట్టండి. కాగితం మీద నూలుపోగు ముక్కల్లా సన్నటి పసుపు పిల్లలు కదిలితే తామర పురుగు. పూలలోంచి నల్లటివి రాలితే అది నల్ల తామర పురుగు. 2021-22 పంట కాలంలో గుంటూరు, ఖమ్మం, వరంగల్ చేలను ఊడ్చేసింది ఇదే. ఆకు కంటే పువ్వులోనే ఎక్కువ ఉంటుంది, అందుకే పూత మొత్తం రాలుతుంది.

నల్లి కాగితం మీద కనపడదు. మిల్లీమీటరులో అయిదో వంతు ఉంటుంది. పది రెట్లు చూపించే లెన్సు చాలకపోవచ్చు, ముప్పై రెట్లది అయితే హాయి. ఫోనుకు తగిలించే మాక్రో లెన్సు కూడా పనికొస్తుంది. విప్పీ విప్పని చిగురాకు అడుగున, నడి ఈనె పక్కన చూడండి. నల్లి కదిలిపోతుంది గానీ గుడ్డు కదలదు. ఆకుకు అంటుకున్న గాజుపూసలా కోలగా, మీద తెల్ల చుక్కల వరుసలతో ఉంటుంది. ఆ చుక్కలు కనిపిస్తే ఇక అనుమానం లేదు.

వేపచెట్టు
డాబాతోట గారూ, వేపనూనె ఎలా కలిపారు? ఎక్కడ కొట్టారు?

డాబాతోట_కూకట్‌పల్లి
లీటరు సీసాలో నీళ్లు పోసి నూనె వేసి బాగా ఊపాం. బోరు నీళ్లు. ఉదయం ఎనిమిదింటికి పైనుంచి అంతా తడిసేలా కొట్టాం.

వేపచెట్టు
అయితే నూనె పనిచేయలేదనుకోవడం తప్పు. నూనె పురుగు దాకా చేరనే లేదు. మీ దగ్గర జరిగినవి మూడు.

నూనె నీళ్లలో ఊరికే కలవదు. ఊపినప్పుడు తెల్లబడుతుంది, రెండు నిమిషాల్లో పైకి తేలుతుంది. మొదటి నాలుగు మొక్కలకు ఉత్త నీళ్లు, చివరి మొక్కకు ఉత్త నూనె. ఆ చివరి మొక్క ఆకులు మాడాయేమో చూడండి.

బోరు నీళ్లు గట్టి నీళ్లు. వాటిలో సబ్బు వేసినా పాలు విరిగినట్టు విరుగుతుంది. వాన నీళ్లో, తాగే నీళ్ల ఫిల్టరు నీళ్లో వాడాలి.

మూడోది, పైనుంచి కొట్టారు. నల్లి ఉండేది ఆకు అడుగున.

సరిగ్గా కలిపే తీరు ఇదీ. ముందురోజు రాత్రి అయిదారు కుంకుడు కాయలు చితక్కొట్టి గ్లాసు నీళ్లలో నానబెట్టండి, పొద్దున పిసికి గుడ్డలో వడకట్టండి. ఖాళీ గిన్నెలో 5 మి.లీ. నూనె, రెండు చెంచాల కుంకుడు రసం వేసి తెల్లటి పేస్టు అయ్యేదాకా గిలకొట్టండి. ముందే నీళ్లు పోయకూడదు, ఇక్కడే అందరూ తప్పు చేస్తారు. తర్వాత అర గ్లాసు గోరువెచ్చని నీళ్లు పోసి మళ్లీ కలిపి, అప్పుడు లీటరుకు నింపండి. పైన నూనె కళ్లు తేలకుండా పాలలా ఉంటే కలిసినట్టు. తేలుతుంటే ఇంకో చెంచా రసం. చలికాలంలో నూనె గడ్డకడితే సీసాను గోరువెచ్చని నీళ్లలో నిలబెట్టండి, పొయ్యి మీద పెట్టొద్దు.

సాయంత్రం అయిదు దాటాక, స్ప్రేయరు ముక్కు పైకి తిప్పి, మొక్క కింది నుంచి చిగుళ్ల వైపు కొట్టాలి. కలిపింది ఆ పూటే వాడెయ్యాలి. మీ 14 మొక్కలకు లీటరున్నర సరిపోతుంది. అయిదు రోజులకోసారి, మూడుసార్లు. ఒక్కసారి కొట్టి ఆపితే గుడ్లలోంచి వచ్చినవి మళ్లీ మొదలుపెడతాయి.

కొనేటప్పుడు సీసా చూడండి. ఉత్త గానుగ నూనె వేరు, 1500 పీపీఎం, 10,000 పీపీఎం అని (వేప సారం ఎంతుందో చెప్పే అంకె) రాసి ఉండే వేప మందు వేరు. 1500 అయితే లీటరుకు 5 మి.లీ. 10,000 అయితే 2 మి.లీ. దాటొద్దు. వీటిలో కలిపే మందు ముందే ఉంటుంది, కుంకుడు రసం అక్కర్లేదు.

బెజవాడ_బంతి
నల్లికి గంధకం కంటే మంచిది లేదు కదా? నీళ్లలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు, వారం తేడాతో రెండుసార్లు. చవక కూడా. వేపనూనెతో రెండు వారాలు ఎందుకు కుస్తీ?

లెన్స్‌బాబాయ్
మామూలుగా నేనూ అదే చెప్పేవాణ్ని. కానీ వీళ్లు నాలుగు రోజుల కిందట నూనె కొట్టారు. నూనె మీద గంధకం పడితే ఆకు మాడుతుంది. రెంటి మధ్య కనీసం రెండు వారాలు ఉండాలి. అంటే ఇంకా పది రోజులు. వేడిలో నల్లి గుడ్డు నుంచి పెద్దదయ్యేదాకా వారం చాలు, పది రోజులు ఊరుకుంటే మిగతా ఎనిమిది మొక్కలూ పోతాయి. నూనె దారిలో దిగారు, ఆ దారినే పోనివ్వండి.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు మాత్రం నా ఓటు గంధకానికే. అదీ పగటి వేడి 32 దాటని రోజుల్లో. ఏప్రిల్, మే నెలల్లో గంధకం జోలికి పోవద్దు.

డాబాతోట గారూ, నూనె కంటే ముందు ఒక పని. ముడిచిన చిగుళ్లన్నీ రెండు మూడు అంగుళాలు కత్తిరించండి. పూత ఉందని జాలిపడొద్దు, ఆ పూత ఎలాగూ నిలవదు. నల్లి మందలో చాలా భాగం ఆ చివర్లలోనే ఉంటుంది. కత్తెరను ప్రతి మొక్కకూ స్పిరిట్ దూదితో తుడవండి. ముందు బాగున్న మొక్కలు చూసి, జబ్బు మొక్కలు చివరికి పెట్టుకోండి. చేతులు, చొక్కా అంచులు కూడా నల్లిని మోస్తాయి. తెల్లదోమ కాళ్లు పట్టుకుని కూడా అది పక్క మొక్కకు ప్రయాణం చేస్తుంది.

పచ్చిమిర్చి74
ఇమిడా మాట వెనక్కి తీసుకుంటున్నాను. మూడుసార్లు నూనెకూ లొంగకపోతే?

లెన్స్‌బాబాయ్
అప్పుడు నల్లి మీద పనిచేసే మందు, స్పైరోమెసిఫెన్ లీటరుకు 1 మి.లీ. ఒక్కసారి. కొట్టేముందు కాయలన్నీ కోసేసుకోండి. సీసా మీద ఎన్ని రోజులు ఆగమని ఉంటే అన్ని రోజులూ కోత బంద్. పిల్లలు, పిల్లి ఆ పూట డాబా మీదికి రాకూడదు. పది కుండీలకు అంత దూరం పోవాల్సిన అవసరం చాలా తక్కువసార్లే వస్తుంది.

డాబాతోట_కూకట్‌పల్లి
మరి వైరస్ కాదని ఎప్పుడు తేలుతుంది?

మట్టిచేతులు
కత్తిరించి, మందు కొట్టాక పది పన్నెండు రోజులకు వచ్చే కొత్త చిగురు చూడండి. ముడిచిన పాతాకు ఎప్పటికీ సాపు కాదు, దాన్ని చూసి దిగులుపడొద్దు. కొత్త చిగురు సాపుగా వస్తే నల్లి. అడుగున ఏ పురుగూ లేకపోయినా కొత్త చిగురు కూడా పసుపు తిరిగి చిన్నగా ముడుచుకునే వస్తే వైరస్, ఇక ఆ మొక్కను ఉంచకూడదు.

పీకేటప్పుడు కూడా పద్ధతి ఉంది. ఊరికే పట్టి లాగితే తెల్లదోమ ఎగిరి పక్క మొక్క మీద వాలుతుంది. తెల్లవారుజామున దోమ మందకొడిగా ఉన్నప్పుడు పెద్ద కవరు మొక్క మీద బోర్లించి, మొదట్లో ముడివేసి, అప్పుడు మొదలు కోసెయ్యాలి.

సీతాఫలం_అక్క
ఆ మట్టి కూడా పారబోయాలి కదా? వైరస్ మట్టిలో ఉంటుందంటారు.

మట్టిచేతులు
అక్కరలేదక్కా. బొబ్బర ముడత వైరస్ తెల్లదోమలోనూ, బతికున్న మొక్కలోనూ ఉంటుంది గానీ మట్టిలో ఉండదు. వేర్లు ఏరేసి, గుప్పెడు వేపపిండి కలిపి, ఆ సంచిలో తోటకూర వేసుకోవచ్చు. వైరస్ నిలిచే చోటు ఇంకోటి: డాబా మూలల్లో మొలిచే కలుపు, పక్క కుండీలోని టమాటా. మొక్క పీకి కలుపు వదిలేస్తే పీకినా లాభం లేదు.

మట్టిని అనుమానించాల్సింది ఎండు తెగులు వచ్చినప్పుడు. పచ్చగా ఉన్న మొక్క ఉన్నట్టుండి వాడిపోయి, నీళ్లు పోసినా లేవకపోతే, మొదలు దగ్గర కాండం ఏటవాలుగా కోసి గాజుగ్లాసు నీళ్లలో వేలాడదీయండి. కొద్ది నిమిషాల్లో కోసినచోటు నుంచి పాల దారం లాంటిది జారితే బాక్టీరియా ఎండు తెగులు. ఆ మట్టిలో మిరప, వంగ, టమాటా ఇక పెట్టొద్దు. దారం రాకుండా లోపల గోధుమ రంగు ఉంటే శిలీంధ్రం. ఆ మట్టిని వేసవిలో తడిపి, పలచని ప్లాస్టిక్ షీటు కప్పి, నాలుగు నుంచి ఆరు వారాలు ఎండబెడితే చాలావరకు బాగుపడుతుంది. షీటు పారదర్శకంగా ఉండాలి, నల్లదైతే మట్టి అంత వేడెక్కదు.

మొక్క వాడగానే నీళ్లు పోసేస్తాం, అక్కడే సగం మొక్కలు పోతాయి. సంచిలోకి వేలు రెండు కణుపులు దించి చూడండి. తడిగా ఉండి మొక్క వాడిందంటే వేరు ఊపిరాడక కుళ్లుతున్నట్టు.

బెజవాడ_బంతి
జిగురు అట్టల గురించి ఒక మాట. తామర పురుగుకు నీలం, తెల్లదోమకు, పేనుబంకకు పసుపు. పది కుండీలకు ఒక్కోటి చాలు, మొక్క చివరికి జానెడు ఎత్తులో కట్టి మొక్కతోపాటు పైకి జరుపుతూ ఉండాలి. కొనక్కర్లేదు. పాత నీలం ప్లాస్టిక్ పళ్లెమో, ఫైలు అట్టో తీసుకుని ఆముదం పూస్తే సరి. దుమ్ము పట్టగానే తుడిచి మళ్లీ పూయాలి.

అట్ట పురుగును పట్టేస్తుందని ఆశపెట్టుకోవద్దు. అది కాపలా మాత్రమే. వారంలో అట్ట మీద చుక్కలు పెరుగుతుంటే మొక్కను తిరగేసి చూడమని అర్థం. పూత బాగా ఉన్నప్పుడు తేనెటీగలు అంటుకుంటుంటే తీసేయండి.

తామర పురుగు కోశస్థ దశ (పిల్ల పెద్ద పురుగుగా మారే దశ) మట్టిలో గడుపుతుంది. రాలిన పూలు ఏరెయ్యడం, సంచి పైన మెరిసే వెండి రంగు షీటు పరచడం, నెలకు గుప్పెడు వేపపిండి, ఈ మూడూ మందు కంటే ముందు పనిచేస్తాయి.

తంబళ్లపల్లె_నుంచి_డల్లాస్
ఇక్కడ చలికాలం మొక్కల్ని ఇంట్లోకి తెచ్చుకుంటాం. తేగానే పేనుబంక. బయట ఉన్నప్పుడు ఒక్కటీ కనపడదు.

వేపచెట్టు
బయట అక్షింతల పురుగులు, అల్లిక రెక్కల పురుగులు తినేస్తుంటాయి. ఇంట్లో తినేవాళ్లు లేరు. లోపలికి తెచ్చేముందు మొక్కను సగానికి కత్తిరించి, బాత్‌రూములో చేతి షవరుతో ఆకు అడుగులు గట్టిగా కడిగి, మూడు రోజులకోసారి మరో రెండుసార్లు కడగండి. నీళ్లకే సగం పోతాయి. గిన్నెలు కడిగే లిక్విడ్ వాడొద్దు, ఆకు మీది మైనపు పొర పోతుంది. ఆకులు జిగటగా ఉన్నాయేమో చూసుకోండి. జిగట ఉంటే దాని మీద నల్ల మసి పెరుగుతుంది.

మనవైపు జిగట ఉంటే చీమలూ ఉంటాయి. పిండినల్లినీ పేనుబంకనూ చీమలు ఆవుల్లా మేపుకుంటాయి. చీమను ఆపకుండా పిండినల్లిని ఎంత కడిగినా తిరిగొస్తుంది. స్టాండు కాళ్లను నీళ్ల పళ్లేలలో పెట్టండి. పిండినల్లి మీద స్పిరిట్‌లో ముంచిన దూదిపుల్ల ఒక్కొక్కదానికి తాకించండి.

సీతాఫలం_అక్క
పుల్లమజ్జిగ చల్లితే ముడత పోతుందని ఒక వీడియోలో చూశాను. నిజమేనా?

లెన్స్‌బాబాయ్
ముడతకు పనిచేయదమ్మా. బూడిద తెగులుకు కొన్ని పంటల మీద కొంత పనిచేస్తుంది. కానీ మిరప బూడిద తెగులు ఆకు లోపల పెరిగే రకం. పైన పసుపు మచ్చ, అడుగున తెల్ల పొడి. పైన చల్లింది లోపలికి అందదు. చలికాలం మొదట్లోనే, మచ్చ రాకముందు గంధకం కొట్టడం మేలు. మజ్జిగ చారుకే బాగుంటుంది.

పచ్చిమిర్చి74
వానల్లో కొమ్మలు చివరి నుంచి ఎండుతూ వస్తాయి, పండుకాయల మీద గుండ్రటి గుంట మచ్చలు పడతాయి. దానికి?

మట్టిచేతులు
కొమ్మ ఎండు, కాయకుళ్లు. రెండూ ఒకే శిలీంధ్రం పని. ఎండిన భాగానికి రెండు అంగుళాల కింద, పచ్చి కాండంలో కోసెయ్యండి. మచ్చ కాయలన్నీ ఏరెయ్యండి, వాటి గింజలు విత్తనానికి దాచొద్దు, తెగులు గింజలోనే వెళ్తుంది. తర్వాత కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరుకు 3 గ్రాములు, పది రోజులకు మళ్లీ. సంచిలో తెగుళ్లను అడ్డుకునే ట్రైకోడెర్మా శిలీంధ్రం, సూడోమోనాస్ బాక్టీరియా వేసి ఉంటే ఈ మందు మట్టిలోకి కారకుండా చూసుకోండి, మీరు పెంచిన మంచి సూక్ష్మజీవుల్ని మీరే చంపుకున్నట్టవుతుంది. వాటిని మళ్లీ వేయాలంటే వారం ఆగండి.

కొమ్మ ఎండకుండా మెత్తగా కుళ్లి, మీద గుండుసూది తలల్లాంటి నల్ల వెంట్రుకలు లేస్తే అది కొమ్మకుళ్లు. ముసురు రోజుల్లో వస్తుంది. కోసెయ్యడం, కుండీలు జరిపి గాలి ఆడనివ్వడం, సాయంత్రం నీళ్లు మానడం, అదే వైద్యం. సంచుల మధ్య రెండు జానల ఖాళీ ఉండాలి.

బజ్జీ మిర్చికీ, క్యాప్సికమ్‌కీ కాయ కొన దగ్గర నల్లటి ఎండు మచ్చ పడితే అది తెగులే కాదు. ఒకరోజు ఎండగట్టి ఒకరోజు ముంచడం వల్ల కాల్షియం కాయ దాకా చేరక వచ్చేది. నీళ్లు నిలకడగా పోస్తే తర్వాతి కాయలు బాగుంటాయి. గుడ్డు పెంకులు కరగడానికి నెలలు పడుతుంది, ఈ పంటకు ఆశపెట్టుకోవద్దు.

వేపచెట్టు
వచ్చే దఫా నారు పోసేవాళ్లకు. సొంత విత్తనమైతే, ట్రైసోడియం ఆర్థోఫాస్ఫేట్ లీటరుకు 150 గ్రాముల లెక్కన కలిపి, గింజల్ని ఇరవై నిమిషాలు నానబెట్టి ధారగా కడిగి నీడన ఆరబెట్టండి. గింజ పైన అంటుకునే వేరే రకం వైరస్ పోతుంది. పావు కప్పు నీళ్లయితే తొమ్మిది పది గ్రాములు. ఆ తర్వాత ట్రైకోడెర్మా పట్టించండి. ట్రే మీద దోమ దూరని సన్న నైలాన్ వల కప్పండి. దోమ తెచ్చే వైరస్ ఎక్కువగా అంటేది నారు దశలోనే. మొలకలు మట్టి దగ్గర దారంలా నలిగి పడిపోతుంటే నారుకుళ్లు, నీళ్లు ఎక్కువయ్యాయని అర్థం.

డాబాతోట_కూకట్‌పల్లి
కాగితం మీద ఏమీ రాలలేదు. ఫోను లెన్సులో చుక్కల గుడ్లు కనిపించాయి! ఆరు మొక్కల చిగుళ్లూ కత్తిరించాం, కుంకుళ్లు నానబెట్టాం. కత్తిరించిన చివర్లు కంపోస్టులో వేయొచ్చా?

లెన్స్‌బాబాయ్
వద్దు. కవర్లో వేసి మూతి బిగించి రెండు రోజులు ఎండలో పెట్టి, చెత్తబండికి ఇచ్చెయ్యండి. రేపు సాయంత్రం మొదటి దఫా. ముక్కు పైకి తిప్పడం మర్చిపోకండి.